మల్లంకలో తుప్పు లేదు

మల్లంక మున్సిపాలిటీలో తుప్పు లేదు. ఎవరో గాలికి అన్న మాట కాదిది. వాటర్ వర్క్స్ ముందు, ఒకప్పుడు గేటు ఉండిన చోట, పచ్చ బోర్డు మీద తెల్లటి అక్షరాలతో రాసి ఉంది. ఆ బోర్డు చెక్కది. గోడకు కొబ్బరితాడుతో కట్టారు. మేకు ఎందుకు కొట్టలేదో, గేటు ఏమైందో తెలియాలంటే ఎనిమిది నెలలు వెనక్కి వెళ్లాలి.

అంతకు ముందు అక్కడ అన్ని ఊళ్లలో ఉన్నట్టే తుప్పు ఉండేది, దానితో పాటు పనీ జరుగుతుండేది. కాలువ నీటిని ఇసుకలో వడగట్టి, హైపో కలిపి ఊరికి వదిలేవారు. హైపో అంటే క్రిములను చంపే మందు. లేత పసుపుగా ఉంటుంది. వాసనకే కళ్లు మండుతాయి. చీర మీద ఒక్క చుక్క పడిందంటే అక్కడ రంగు ఉండేదని ఒట్టు వేసి చెప్పినా ఎవరూ నమ్మరు. దాన్ని రెండు వేల లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో పోసి ఉంచేవారు. ట్యాంకు మనిషెత్తు సిమెంటు స్తంభాల మీద ఉండేది. దాని కింద కుళాయి, కుళాయి పక్కన కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్న ఆపరేటరు గంటకోసారి ధార సరిచూసి పుస్తకంలో గీత పెట్టాలి.

ఈ వ్యవహారానికి పైన విశ్వపతి అనే కెమిస్టు ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే నీళ్లు పరీక్ష చేస్తూ, ఇన్నేళ్లలో ఒక్క అంకె కూడా మార్చి రాయని మనిషి. ఇది తన గొప్ప అని అతను అనుకునేవాడు. ఆఫీసులో మిగతావాళ్లు ఇది అతని లోపం అనుకునేవాళ్లు. ఎవరి లెక్క వారిది.

ఆ ఏడాది మల్లంకకు ప్లాస్టిక్ మీద కోపం వచ్చింది. కోపం ముందుగా కమిషనర్ చక్రధరరావు గారికి వచ్చి, ఆయన నుంచి ఊరికి పాకింది. సంతలో సంచులు పోయాయి, టీ కొట్లలో కప్పులు పోయాయి, బడిపిల్లల నీళ్ల సీసాలు పోయాయి. ఆ ఊపులో ఆయన వాటర్ వర్క్స్‌కు వచ్చి నల్ల ట్యాంకును చూశారు.

"ఇదేమిటి?"

"హైపో ట్యాంకండి," అన్నాడు విశ్వపతి.

"అది కాదు. దేంతో చేశారు?"

"ప్లాస్టిక్‌తోనేనండి. హైపోకి అదే సరైనది."

కమిషనర్ గారు వెనక్కి తిరిగి ఇంజనీరు భీమశంకరం గారి వైపు చూశారు. భీమశంకరం గారికి ఆ చూపుల భాష వచ్చు. "స్టీలు ట్యాంకు వేయిద్దాం సార్. తళతళలాడిపోద్ది," అన్నారు.

"సార్, స్టీలు పనికిరాదండి. హైపో తినేస్తుంది."

"స్టీలుని తినేస్తుందా!" కమిషనర్ గారు జాలిగా నవ్వారు. "మా అత్తగారు పెళ్లికి పెట్టిన స్టీలు బిందె ఇంట్లో ఉందయ్యా. ముప్పై ఏళ్లు. మచ్చ లేదు."

"బిందెలో నీళ్లు పోస్తారండి. ఇది హైపో."

"హైపో ఏం చేస్తుంది?"

"క్రిములను చంపుతుందండి."

"మరి స్టీలు క్రిమి కాదుగా!"

చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. పై అధికారి మాటకు నవ్వకపోవడం సర్వీసు నిబంధనల్లో ఎక్కడా నేరంగా రాసి లేదు, అయినా ఎవరూ ఆ నేరం చేయరు. విశ్వపతి ఒక్కడే నవ్వలేదు. స్టీలు అన్నా అదీ ఇనుమేననీ, పైన కంటికి కనపడని క్రోమియం పొర ఒకటి ఉండబట్టి పరువు కాచుకుంటోందనీ, హైపో ఆ పొరకు బెజ్జాలు పెట్టి లోపలికి దిగుతుందనీ, పైకి మెరుస్తూనే పుచ్చుపన్నులా లోపల గుల్లవుతుందనీ ఆ సాయంత్రం రెండు పేజీల నోటు రాసి పెట్టాడు. నోటు ఫైలులో చేరింది. నల్ల ట్యాంకు వేలంలో పోయింది. స్టీలు ట్యాంకు వచ్చి స్తంభాల మీద కూర్చుంది.

కొత్త స్టీలు సామాను కొంటే పేరు కొట్టించడం మన ఆచారం. చెంచా నుంచి గంగాళం దాకా పేరు లేనిదే ఇంట్లోకి రానివ్వం. కమిషనర్ గారూ ఆచారం తప్పలేదు. బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టే అతన్ని పిలిపించి, ట్యాంకు పొట్ట మీద జానెడు అక్షరాలతో తన పేరు, దాని కింద బెత్తెడు అక్షరాలతో భీమశంకరం గారి పేరు ఇనుప మొలతో టకటకా కొట్టించారు. ట్యాంకు నింపేటప్పుడు మూతి దగ్గర ఒలికిన హైపో సరిగ్గా ఆ అక్షరాల మీదుగానే కిందికి జారుతుందని ఎవరికీ తట్టలేదు. తట్టిన ఒక్కడినీ ఎవరూ అడగలేదు.

ఇరవై రెండో రోజున ఆపరేటరు నూకరత్నం లాబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నలభైకి అటూ ఇటూ ఉంటుంది. సన్నగా, పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి.

"బాబుగారూ, కమిషనర్ గారు ఏడుస్తున్నారండి."

"ఎక్కడ?"

"ట్యాంకు మీదండి. పేరులోంచి కారతా ఉంది. ఎర్రగా."

వెళ్లి చూస్తే నిజమే. 'చక్రధర' దగ్గర మొదలైన ఎర్రటి చార పొట్ట మీదుగా జారి అడుగు అతుకు దాకా వెళ్లింది. గోటితో గీకితే పొడి రాలింది. పొడి కింద సూదిమొనంత బెజ్జాలు. విశ్వపతి ఆ రోజే నివేదిక రాశాడు. మూడోనాడు భీమశంకరం గారి జవాబు వచ్చింది.

"పై సూచికలో తాము 'తుప్పు' అను పదమును వాడియున్నారు. సదరు ట్యాంకు తుప్పు పట్టదని సరఫరాదారు ఇచ్చిన ధ్రువపత్రము ఈ కార్యాలయమున కలదు. ధ్రువపత్రము అమలులో ఉండగా తుప్పు ఉండుట నిబంధనలకు విరుద్ధము. కావున సదరు పదార్థము ఎచ్చటినుండి వచ్చి ట్యాంకుపై చేరినదో మూడు దినములలో వివరణ ఇవ్వవలెను."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికి ఒకడు. ఆ ఒకడికి మున్సిపాలిటీలో ఉద్యోగం దొరికినట్టుంది. విశ్వపతి ఇచ్చిన వివరణలో తుప్పు ట్యాంకులోంచే వచ్చిందని ఉంది. అది నిబంధనలకు విరుద్ధం కనుక పక్కన పెట్టారు. తుప్పు ట్యాంకుది కానప్పుడు బయటి నుంచి వచ్చి ఉండాలి. బయటి నుంచి వచ్చిందంటే ఎవరో తెచ్చి ఉండాలి. అలా బాహ్య తుప్పు నివారణ కమిటీ ఏర్పడింది. కమిషనర్ గారు అధ్యక్షులు, భీమశంకరం గారు కన్వీనరు, మున్సిపల్ హెల్త్ ఆఫీసరు సభ్యులు.

మొదటి సమావేశంలోనే వాటర్ వర్క్స్ ఆవరణలో ఇనుము నిషేధించారు. సైకిళ్లు రోడ్డు మీద పెట్టించారు. తాళాలు, తాళంచెవులు, కత్తెర, గునపం, పార, రెంచీలు పట్టికెక్కి గోడౌనుకు పోయాయి. కుళాయి తిప్పడానికి రోకలి నరికి చెక్క రెంచి చేయించారు, అది రెండో రోజు విరిగింది. ఆడవాళ్ల జడపిన్నులు, మెడల్లో పిన్నీసులు గుమ్మం దగ్గర కొబ్బరిచిప్పలో వేసి లోపలికి వెళ్లాలి. స్టీలు క్యారేజీలకు మాత్రం మినహాయింపు దొరికింది, స్టీలు ఇనుము కాదు కనుక. గేటు ఇనుపది కనుక దాన్నీ పీకేశారు. మర్నాటి నుంచి పక్క లంకలోని గేదెలు సరాసరి వచ్చి ఇసుక పడకల దగ్గర నీళ్లు తాగి వెళ్లసాగాయి. గేదెల గురించి అడిగితే, వాటిలో ఇనుము లేదని భీమశంకరం గారు తేల్చారు.

అయినా చార ఆగలేదు. ఇప్పుడు 'రావు' లోంచి కూడా కారుతోంది.

రెండో సమావేశానికి విశ్వపతినీ పిలిచారు. సరఫరాదారు ఇచ్చిన కాగితాల్లోంచే ఒకటి పట్టుకుని వెళ్లాడు. సమావేశం మొదలయ్యే ముందు భీమశంకరం గారిని వరండాలో ఆపి చూపించాడు.

"సార్, ఇది చూడండి. ఈ స్టీలులో నూటికి డెబ్బై వంతులు ఇనుము. కంపెనీ వాళ్లే రాశారు. ఆవరణలో ఇనుము ఉండకూడదన్న మన ఉత్తర్వు ప్రకారం ముందు ఈ ట్యాంకునే బయటికి పంపాలి."

భీమశంకరం గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఈ సంగతి కమిషనర్ గారికి తెలుసా?"

"తెలియదనుకుంటానండి."

"అయితే తెలియక్కర్లేదు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది: సదరు ట్యాంకునందలి ఇనుమును ఇనుముగా పరిగణించరాదు.

ఆ రోజు సమావేశంలో కమిషనర్ గారు బల్ల గుద్దుతున్నారు. "ఇంకా ఎక్కడుంది ఇనుము? ఎవరి దగ్గరుంది?"

హెల్త్ ఆఫీసరు మర్యాదస్తుడు. పెద్దమనిషి అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని, "ఇక మిగిలిందల్లా రక్తంలోనేనండి. హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది," అని చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వులో నవ్వు కలపలేదు కమిషనర్ గారు. ఆయన కళ్లు వెలిగాయి. "ఎంత ఉంటుంది?"

విశ్వపతి లేచి నిలబడ్డాడు. "సార్, రక్తంలో ఇనుము చర్మం దాటి వచ్చి ట్యాంకుకి అంటుకోదండి."

"అంటుకోదని ధ్రువపత్రం ఉందా?"

లేదు. ప్రపంచంలో ఏ కంపెనీ అలాంటి ధ్రువపత్రం ఇవ్వలేదు.

ఆ సోమవారం వాటర్ వర్క్స్ సిబ్బంది పద్నాలుగు మందికీ రక్తపరీక్షలు జరిగాయి. పది గ్రాములు దాటినవాళ్లెవరూ ట్యాంకుకు ఇరవై అడుగుల లోపు రాకూడదని సున్నంతో గీత గీశారు. విశ్వపతికి పద్నాలుగు పాయింటు రెండు. గీతకు అవతల నిలబడ్డాడు. మిగిలిన ఇద్దరు ఆపరేటర్లకు పన్నెండు, పదకొండున్నర. వాళ్లను మార్కెట్ వార్డుకు పంపేశారు. పద్నాలుగు మందిలో ఒక్కరే నెగ్గారు. నూకరత్నం, ఏడు పాయింటు ఎనిమిది.

ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ కుర్చీ ఇక ఆమెదే అయింది. సభ పెట్టి, ఆదర్శ ఉద్యోగిని అని శాలువా కప్పారు. "సిబ్బంది అందరూ సదరు నూకరత్నమును స్ఫూర్తిగా తీసుకొనవలెను" అన్నారు కమిషనర్ గారు. పెద్దాసుపత్రి నర్సు ఇస్తే ఆమె చెంగులో కట్టుకున్న ఐరన్ మాత్రలను గుమ్మం దగ్గర జప్తు చేశారు. తోటకూర, మునగాకు, బెల్లం, నువ్వులు క్యారేజీల్లో తేకూడదని ఇంకో కాగితం అంటించారు. మనిషి రక్తం తక్కువై తూలుతుంటే సన్మానం, నాలుగు ముద్దలు తిని నిటారుగా నిలబడితే బదిలీ. ఇంత సిగ్గుమాలిన ఉత్తర్వు మీద ముగ్గురు చదువుకున్నవాళ్లు సంతకాలు పెట్టారు.

విశ్వపతి గీత అవతల నిలబడి రోజూ ఆ కుర్చీ వైపే చూసేవాడు. ఆమె తల మీద సగం ట్యాంకు, వెయ్యి లీటర్ల హైపో. దాన్ని ఆపి ఉంచింది మూడు మిల్లీమీటర్ల రేకు. ఆ రేకులో రోజురోజుకూ బెజ్జాలు. ఎంత లోతు దిగాయో కొలుద్దామంటే అతను గీత దాటకూడదు, సూది లోపలికి రాకూడదు. ఒకరోజు కట్ట మీద తుమ్మముల్లు ఒకటి విరిచి తెచ్చాడు.

"నూకరత్నం, కుర్చీలో కూర్చునే చెయ్యి పైకెత్తు. అడుగు అతుకు దగ్గర ఉన్న బెజ్జాల్లో పెద్దదాంట్లో ఈ ముల్లు పెట్టు. ఎంత దిగితే అక్కడ గోరు పెట్టి పట్టుకుని రా."

ఆమె అలాగే చేసింది. గోరు కదలకుండా గీత దాకా నడిచి వచ్చింది. విశ్వపతి చెక్క స్కేలు పెట్టి చూశాడు. ఒక మిల్లీమీటరు.

"ఇంకా రెండున్నాయి," అనుకున్నాడు. ట్యాంకు ఖాళీ చేయించమని రాశాడు. గుంటలు పడిన మేరకు ట్యాంకు సామర్థ్యం పెరిగినట్లే భావించవలెనని జవాబు వచ్చింది. మళ్లీ రాశాడు. వరుసగా రాయడం క్రమశిక్షణా రాహిత్యమని వచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే దేన్ని కొరుకుతున్నావని అడిగాడట. ఇక్కడ కొరికినందుకు మెమో కూడా ఇచ్చారు.

ఆగస్టులో ముల్లు ఒకటిన్నర దాకా దిగింది. అప్పుడతను కాగితాలు పక్కన పెట్టి, గీత దగ్గర నిలబడి నూకరత్నానికే చెప్పాడు.

"ఆ కుర్చీలో నువ్వుండడానికి వీల్లేదమ్మా. ట్యాంకు అడుగు ఊడుతుంది. హైపో నెత్తి మీద పడితే కళ్లు పోతాయి. ప్రాణమే పోవచ్చు."

ఆమె లేచి గీత దాకా వచ్చింది. "ఈ మాట ముందే సెప్పొచ్చు కదండీ?"

"చెప్పానమ్మా. పదకొండు నోట్లు రాశాను."

"ఎవరికండీ?"

"ఆఫీసుకి."

"కింద కూకున్నది నేనా, ఆఫీసాండి? నాకు సదువుంటే ఇక్కడెందుకుంటాను బాబుగారూ. ఓ కేకేసుంటే సరిపోను."

విశ్వపతి తల దించుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా తప్పు లేకుండా రాస్తున్నానని మురిసిపోయినవాడు, ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పలేదు. ఆ సిగ్గు చాలాకాలం అతన్ని వదల్లేదు.

"మానేద్దామంటే ఇంకో పని లేదండి. మా ఆయన మంచాన ఉన్నాడు," అంది నూకరత్నం. అంతలోనే నవ్వింది. "రత్తం తక్కువుందని ఇన్నాళ్లూ ఆసుపత్రిలో తిట్టేవోరండి. నా జన్మకి మొదటిసారి దానికి శాలువా కప్పేరు."

ఆ మాటతోనే విశ్వపతికి దారి కనపడింది. మానేస్తే ఉద్యోగం పోతుంది. కానీ రక్తం పది దాటితే ఉద్యోగం పోదు, కుర్చీ మాత్రమే పోతుంది. ట్యాంకులో ఇనుము తరిగేలోగా ఈ మనిషిలో ఇనుము పెంచాలి. ఇక మిగిలింది పందెమే.

ఇంట్లో భార్య కామేశ్వరికి చెప్పాడు. ఆవిడ నోట్లు రాసే రకం కాదు. మర్నాడే మినప సున్నుండలు చుట్టింది, ఒక్కోదాని మధ్యలో ఒక ఐరన్ మాత్ర. మునగాకు ఎండబెట్టి కారప్పొడి చేసి, పైన 'కరివేపాకు' అని చీటీ అంటించింది. నువ్వుల ఉండలు సత్యనారాయణస్వామి ప్రసాదమని గుమ్మం దగ్గర కాపలావాడికి రెండు పెట్టి మరీ పంపింది. వాడు కళ్లకద్దుకుని తిన్నాడు. వాడికీ రక్తం పెరిగింది, కానీ వాడిది ఎవరూ చూడలేదు.

గీత దగ్గర నిలబడి విశ్వపతి రోజూ అడిగేవాడు. "తిన్నావా?"

"తిన్నానండి. నాలుక మీద ఇనపరుసు పోవడం లేదండి బాబూ."

నెలకోసారి కమిటీ రక్తపరీక్ష. నెలకు రెండుసార్లు ముల్లు పరీక్ష. సెప్టెంబరులో ఆమె ఎనిమిది పాయింటు తొమ్మిది, బెజ్జం ఒకటి పాయింటు తొమ్మిది. అక్టోబరులో ఆమె తొమ్మిదిన్నర, బెజ్జం రెండు పాయింటు మూడు. ఆమె బుగ్గల్లో కాస్త రంగు కనపడసాగింది. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. "మా ఆదర్శ ఉద్యోగిని పనితీరు దిగజారుచున్నది" అని భీమశంకరం గారు కలవరపడి, సాయంత్రాలు పస్తుండమని సలహా ఇచ్చారు.

నవంబరులో మల్లంకకు పెద్ద గౌరవం రాబోతోందని తెలిసింది. ఉత్తమ నీటి సరఫరా పట్టణంగా ఎంపిక చేయడానికి రాజధాని నుంచి ముగ్గురు పరిశీలకులు వస్తున్నారు. చింతపండు, కొబ్బరిపీచు పెట్టి రెండు రోజులు ట్యాంకును తోమించారు. ఎర్రచార పోయింది, బెజ్జాలు బాగా తెరుచుకున్నాయి. ఎప్పుడూ సగమే నింపే ట్యాంకును అతిథుల గౌరవార్థం అంచుదాకా నింపమన్నారు. ఆ పొద్దున నూకరత్నం ముల్లు పట్టుకుని వచ్చింది. రెండు పాయింటు ఏడు.

"బాబుగారూ, ఇయాల ట్యాంకు మూలుగుతోందండి."

"మూలగడమేమిటి?"

"నింపుతుంటే టకీమంది. రెండుసార్లు."

పరిశీలకులు పది గంటలకు వస్తారు. తొమ్మిదింటికి నెలవారీ రక్తపరీక్ష. విశ్వపతి లాబ్ కిటికీ దగ్గర నిలబడి వేళ్లు విరుచుకుంటున్నాడు. హెల్త్ ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని ఫలితం చెప్పాడు.

"తొమ్మిది పాయింటు తొమ్మిది. అమ్మయ్య, లోపే ఉంది. మీ చేతిరాత బాగుంటుంది, రిజిస్టరులో ఎక్కించండి విశ్వపతి గారూ. పరిశీలకులు చూస్తారట."

రిజిస్టరు అతని ముందుంది. కలం చేతిలో ఉంది. నిజాన్ని పదకొండుసార్లు కాగితం మీద పెడితే ఒక్క మనిషి ఒక్క అడుగు కదల్లేదు. విశ్వపతి ఒకసారి కళ్లు మూసుకుని తెరిచాడు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి అంకె మార్చాడు. 10.9 అని గుండ్రంగా, అందంగా రాశాడు.

రిజిస్టరు భీమశంకరం గారి బల్ల మీదికి వెళ్లింది. ఆయన కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. "పది దాటిందా! పరిశీలకులొచ్చే రోజున, ఇనుమున్న మనిషి ట్యాంకు కిందా!" ఏడు నెలలుగా కదలని కార్యాలయం ఏడు నిమిషాల్లో కదిలింది. టైపు చేసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ఇద్దరు మనుషులను పంపి నూకరత్నాన్ని రెక్క పట్టుకుని సున్నపు గీత బయటికి లాక్కొచ్చారు.

"ఇలా లాగుతారేటండీ, నడుస్తున్నాను కదా!" అంటూ వచ్చి ఆమె విశ్వపతి పక్కన నిలబడింది.

పది గంటలకు పరిశీలకులు వచ్చారు. కమిషనర్ గారు నీలం సఫారీలో ముందు నడిచారు. పేరు రాసిన చోటికి ఎక్కడానికి మూడు చెక్కమెట్లు వేసి ఉన్నాయి.

"తుప్పు అనే మాట మల్లంకలో వినపడదండి," అన్నారు ఆయన. "ఆవరణలో ఇనుప రజను కూడా లేదు."

"ఈ కుర్చీలో ఎవరూ లేరే?" అడిగాడు ఒక పరిశీలకుడు.

"పూర్తి అర్హత గల అభ్యర్థి కోసం ఖాళీగా ఉంచామండి."

మెట్లెక్కారు. సామాను కొట్లో బిందె కొనేటప్పుడు మోగించి చూసినట్టు, ఆ ట్యాంకును వేలి కణుపుతో తన పేరు మీద టంగుమని కొట్టారు. మోగింది. ఉత్సాహం వచ్చి, 'ధ' మీద ఇంకాస్త గట్టిగా కొట్టారు. ఈసారి మోగలేదు. వేలు లోపలికి వెళ్లిపోయింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కమిషనర్ గారి ముఖంలో నవ్వు అలాగే ఉంది. వేలు మొదటి కణుపు దాకా ఆయన పేరులోనే ఉంది.

"సార్, లాగొద్దు!" అని గీత దగ్గర నుంచి విశ్వపతి కేకేశాడు. ఈ ఉద్యోగంలో అతను వేసిన మొదటి కేక అదే.

లాగారు. చిటికెన వేలంత ధార బయటికి చిమ్మింది. ఆయన మెట్ల మీది నుంచి దూకారు, పరిశీలకులు గేటులేని గుమ్మంలోంచి పరుగెత్తారు. అప్పుడు అడుగు అతుకు ఈ చివర నుంచి ఆ చివరకు గుడ్డ చిరిగినట్టు చిరిగింది. రెండు వేల లీటర్లూ ఒక్కసారిగా ఖాళీ కుర్చీ మీద పడ్డాయి.

వాసన తగ్గి మనుషులు దగ్గరికి వెళ్లేసరికి సాయంత్రమైంది. కుర్చీకి వేసిన ఎర్ర మెత్త పాలలా తెల్లగా ఉంది. నూకరత్నం గీత దాటకుండా అక్కడి నుంచే ఆ మెత్తను చూసింది. చెంగుతో నోరు నొక్కుకుని కింద కూలబడింది.

"నీది తొమ్మిది పాయింటు తొమ్మిదేనమ్మా," అన్నాడు విశ్వపతి మెల్లగా. "నేను అబద్ధం రాశాను."

"ఆ అబద్ధంలోనే నా కళ్లున్నాయండి," అంది ఆమె.

విచారణ పద్ధతి ప్రకారం జరిగింది. కమిషనర్ గారి నీలం సఫారీ ఆవు మచ్చలతో ఫైలులో సాక్ష్యంగా చేరింది. ఆయన వేలికి కట్టు. ట్యాంకును చివరగా తాకింది ఆయనే కదా, మరి ఆయన రక్తం పరీక్షించారా అని ఎవరో అడగబోతే, అధికారుల రక్తంలో ఇనుము ఉన్నట్టు రికార్డుల్లో ఎక్కడా లేదని భీమశంకరం గారు సమాధానమిచ్చారు. ఆ మాట మాత్రం అందరూ ఒప్పుకున్నారు. కమిటీ తేల్చింది ఇది: ట్యాంకు తుప్పు పట్టదు కనుక పట్టలేదు. తక్కువ రక్తము గల కాలమంతయు సదరు ట్యాంకు నిక్షేపముగా నుండి, రక్తము పది దాటిన దినముననే పగిలినది. కావున బాధ్యత రక్తానిదే. తాను చెప్పిన అంకె హెల్త్ ఆఫీసరుకు గుర్తున్నా, పెద్దలు తేల్చాక కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

నూకరత్నానికి చార్జి మెమో వచ్చింది. "శరీరమునందు అనుమతి లేని ఇనుమును రహస్యముగా పెంచుకొని" అని మొదలవుతుంది. విశ్వపతి దాన్ని ఆమెకు చదివి వినిపించాడు, ఈసారి పెద్ద గొంతుతో. శిక్షగా ఏ స్టీలు ట్యాంకు దరిదాపుల్లోకీ రాకుండా శాశ్వతంగా నిషేధించి, పార్కులో మొక్కలకు నీళ్లు పట్టే పనికి మార్చారు. ఆమె వేలిముద్ర వేసి, మెమోను మడిచి శాలువాలో పెట్టుకుంది.

నెల తిరిగేసరికి కొత్త ట్యాంకు వచ్చింది. అదే స్టీలు. రేకు నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు వేల లీటర్లు. పాత అనుభవం దృష్ట్యా నిబంధన కట్టుదిట్టం చేశారు. ఆపరేటరు ఉద్యోగానికి ప్రకటన వేశారు: అర్హత, హిమోగ్లోబిన్ ఏడు మించరాదు. చదువు అక్కర్లేదు. స్త్రీలకు ప్రాధాన్యం.

ఎవరొస్తారులే అనుకున్నాడు విశ్వపతి. ఏడులోపు రక్తంతో మనిషి లేచి రావడమే కష్టం. పరీక్షనాడు పొద్దున వచ్చి చూస్తే పచ్చ బోర్డు దగ్గర మొదలైన వరుస కాలువ కట్ట దాకా ఉంది. అందరూ ఆడవాళ్లే. కొందరు నిలబడలేక ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. నాలుగు వందల పన్నెండు మంది. మధ్యాహ్నానికి హెల్త్ ఆఫీసరు చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఒక్కరిని కూడా తీసెయ్యడానికి లేదండి. అందరూ అర్హులే."

"చూశారా," అన్నారు భీమశంకరం గారు ఛాతీ విరిచి. "మన పట్టణంలో అభ్యర్థులకు కొదవ లేదు."

పార్కు నుంచి నూకరత్నం వచ్చి రోడ్డు అవతల నిలబడి ఉంది. ఆమె చేతిలో కామేశ్వరి పంపిన సున్నుండల డబ్బా. ఎంపికైన మనిషికి ఇవ్వడానికని తెచ్చింది. ఆమె వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. మళ్లీ చూసింది.

"బాబుగారూ, ఇంతమందికి సరిపడా మునగాకు ఈ ఊళ్లో ఉంటుందంటారా?"

లోపల కొత్త ట్యాంకు మీద కమిషనర్ గారి పేరు కొడుతున్న చప్పుడు టకటకా వినిపిస్తోంది.